ఇంట్లో డేటాబేస్ సర్వర్: నేరుగా ఇన్‌స్టాల్ చేయాలా, డాకర్‌లో నడపాలా, అసలు సర్వరే అక్కర్లేదా?

ఎరువుల కొట్టు

మాది ఎరువులు, పురుగుమందుల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. రైతుల అరువు ఖాతాలు, సరుకు నిల్వలు అన్నీ ఇప్పటిదాకా ఒకే ఎక్సెల్ ఫైలులో నడుస్తున్నాయి. కింద నాన్న ల్యాప్‌టాప్‌లో, పైన నేను డెస్క్‌టాప్‌లో అదే ఫైలు తెరుస్తాం. ఒకరు తెరిచి ఉంచితే రెండోవారికి రాసే వీలుండదు. ఖరీఫ్ మొదలైతే రోజంతా ఇదే గొడవ.

ఈ లెక్కలన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు సర్వర్‌లోకి మార్చాలని ఉంది. డెస్క్‌టాప్‌లో 8 జీబీ మెమరీ, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి, విండోస్ 10 నడుస్తోంది. రెండు కంప్యూటర్లూ ఒకే వైఫై మీద ఉంటాయి. నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. డీబీఎంఎస్ (డేటాబేసుల పాఠం) చదివాను గానీ సర్వర్‌ను సొంతంగా ఎప్పుడూ పెట్టలేదు.

సలహా అడిగితే ఒక స్నేహితుడు డాకర్ (ప్రోగ్రాంను కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే సాధనం) తప్ప వేరే మాట వద్దన్నాడు. మా బావ ఎస్‌క్యూలైట్ (సర్వర్ లేకుండా ఒక్క ఫైలులో ఉండే డేటాబేసు) చాలు, సర్వర్ దేనికన్నాడు. క్లాసులో ఇంకొకడు క్లౌడ్‌లో అద్దెకు తీసుకోమన్నాడు. ఎవరూ కారణం విడమరచి చెప్పలేదు. మీరు కారణాలతో చెప్పండి. ఏది పెట్టినా రైతుల పేర్లు తెలుగులోనే ఉండాలి. నాన్నకు ఇంగ్లిష్‌లో వెతకడం రాదు.

పాతకాపు

నేరుగా ఇన్‌స్టాల్ చేయండి. డేటా ఏ ఫోల్డరులో ఉంది, దాన్ని నడిపే సర్వీసు పేరేమిటి, ఆకృతీకరణ ఫైళ్లు ఎక్కడున్నాయి అన్న మూడు సంగతులూ మీకు కంఠతా వచ్చి ఉండాలి. నేరుగా పెడితే మొదటి రోజే వస్తాయి. సరుకు లారీ దిగుతున్న పూట సర్వర్ లేవకపోతే, ఇవి తెలిసినవాడు నిమిషాల్లో కారణం పట్టుకుంటాడు.

విండోస్ ఇన్‌స్టాలర్ అడిగేవి కొద్దే: డేటా ఫోల్డరు, పాస్‌వర్డు, పోర్టు (సర్వర్ వినే తలుపు సంఖ్య), లొకేల్ (భాష, అక్షర క్రమం అమరిక). పోర్టు 5432 అలాగే ఉంచండి. డేటా ఫోల్డరును మాత్రం క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డరులో పెట్టకండి. సర్వర్ రాస్తున్న ఫైళ్ల మీద సింక్ ప్రోగ్రాం చేయి వేస్తే డేటా చెడిపోయే ప్రమాదం ఉంది.

ఇక ల్యాప్‌టాప్ నుంచి కలవడం. ఇందులో రెండు ఫైళ్లున్నాయి, కొత్తవాళ్లు ఈ రెండింటినీ కలిపేసుకుంటారు. సర్వర్ ఏ చిరునామాల మీద చెవి పెట్టి వినాలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డాట్ కాన్ఫ్‌లోని లిజన్ అడ్రసెస్ చెబుతుంది. పోస్ట్‌గ్రెస్ సహజంగా లోకల్‌హోస్ట్ (అంటే అదే కంప్యూటర్) మీదే వింటుంది. విండోస్ ఇన్‌స్టాలర్ మాత్రం అక్కడ నక్షత్రం గుర్తు పెడుతుంది, అంటే అన్ని చిరునామాల మీదా వింటుంది. వచ్చినవారిలో ఎవరిని లోపలికి రానివ్వాలో పీజీ హెచ్‌బీఏ ఫైలు చెబుతుంది. అందులో మీ వైఫై పరిధి (సాధారణంగా 192.168.1.0/24 లాంటిది), డేటాబేసు పేరు, వాడుకరి పేరు, స్క్రామ్ అనే పాస్‌వర్డు పద్ధతి కలిపి ఒక వరుస రాస్తే చాలు. సర్వర్ ఆ ఫైలును పైనుంచి కిందికి చదివి, సరిపోయిన మొదటి వరుస దగ్గర ఆగిపోతుంది. అక్కడ పాస్‌వర్డు తప్పితే కింది వరుసలను చూడదు. లిజన్ అడ్రసెస్ మారిస్తే సర్వర్‌ను ఆపి మళ్లీ నడపాలి. హెచ్‌బీఏ మారిస్తే రీలోడ్ (ఆపకుండా ఆ ఫైలును మళ్లీ చదివించడం) చాలు.

పోస్ట్‌గ్రెస్ అనే సూపర్‌యూజర్‌తో (అన్ని హక్కులూ ఉన్న వాడుకరితో) కొట్టు లెక్కలు రాయకండి. ఖాతాలకు వేరే వాడుకరిని, వేరే డేటాబేసును చేసుకోండి.

నల్లరేగడి

పాతకాపు గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఇన్‌స్టాల్ చేయడం ఒక ఎత్తు, తీసేయడం ఒక ఎత్తు. విండోస్‌లో పోస్ట్‌గ్రెస్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినా డేటా ఫోల్డరు అక్కడే మిగులుతుంది. ఇన్‌స్టాలర్‌ను మళ్లీ నడిపితే ఆ పాత ఫోల్డరే ఎదురొస్తుంది, అందులోని పాత పాస్‌వర్డు గుర్తుండదు. కొత్తవాళ్లలో చాలామంది చిక్కుకునేది అక్కడే.

డాకర్‌లో అయితే కంపోజ్ ఫైలు (కంటైనర్ అమరికంతా రాసి ఉండే ఫైలు) ఒక్కటే. ఏ వెర్షను, ఏ పోర్టు, డేటా ఏ వాల్యూములో (డాకర్ డేటా దాచే చోటులో) ఉంది అన్నది పది పన్నెండు వరుసల్లో కళ్ల ముందు ఉంటుంది. దాన్ని గిట్‌లో (ఫైళ్ల మార్పులను భద్రపరిచే సాధనంలో) పెట్టుకుంటే రేపు కంప్యూటర్ మారినా అదే అమరిక తిరిగి వస్తుంది. డేటా ఎక్కడుందో తెలియాలి అంటున్నారు కదా, అది రాసి ఉన్న కాగితమే కంపోజ్ ఫైలు. రేపు ఉద్యోగంలోనూ ఎక్కువ చోట్ల కనిపించేది ఇదే పద్ధతి.

విండోస్‌లో రెండు జాగ్రత్తలు. డాకర్ డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్ లోపల లినక్స్ నడిపే ఏర్పాటు) మీద నడుస్తుంది. అది మొత్తం మెమరీలో సగం దాకా తీసుకోగలదు. మీకున్నది 8 జీబీయే కాబట్టి డబ్ల్యూఎస్ఎల్ కాన్ఫిగ్ ఫైలులో 2 జీబీ అని హద్దు పెట్టండి. రెండోది, డేటాను సీ డ్రైవ్‌లోని ఫోల్డరుకు తగిలించకుండా పేరున్న వాల్యూములో పెట్టండి. విండోస్ ఫోల్డరుకు తగిలిస్తే వేగం పడిపోతుంది, ఫైళ్ల అనుమతుల దగ్గరా పేచీలు వస్తాయి.

పాతకాపు

కంపోజ్ ఫైలు గురించి మీరు చెప్పింది నిజమే. అయితే కొట్టుకు సంబంధించి మూడు విషయాలు పక్కన పెట్టారు.

డాకర్ డెస్క్‌టాప్ ఎవరైనా లాగిన్ అయ్యాకే లేస్తుంది. నేరుగా పెట్టిన పోస్ట్‌గ్రెస్ విండోస్ సర్వీసు కాబట్టి, కంప్యూటర్ ఆన్ అయితే చాలు, ఎవరూ లాగిన్ కాకపోయినా నడుస్తుంది. కరెంటు పోయి వస్తే తనంతట తనే ఆన్ అయ్యేలా బయాస్‌లో పెట్టుకోవచ్చు. అబ్బాయి కాలేజీలో ఉన్నప్పుడు కింద తండ్రిగారు పైకెక్కి పాస్‌వర్డు కొట్టాల్సిన అవసరం ఉండకూడదు.

రెండోది పోర్టు. కంపోజ్ ఫైలులో 5432:5432 అని రాస్తే అది కంప్యూటర్‌కున్న అన్ని చిరునామాల మీదా తెరుచుకుంటుంది. లినక్స్‌లో అయితే యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌తో ఆ పోర్టు మూసేశామని అనుకున్నా డాకర్ దాన్ని దాటించి లోపలికి పంపుతుంది, ఎందుకంటే అది ఐపీటేబుల్స్‌లో (లినక్స్ నెట్‌వర్క్ నియమాల పట్టికల్లో) తన నియమాలు తానే రాసుకుంటుంది. ముందు 127.0.0.1 (లోకల్‌హోస్ట్ చిరునామా) చేర్చి రాయాలని ఎంతమంది ట్యుటోరియల్ రచయితలు చెబుతున్నారు?

మూడోది అసలు భయం. కంటైనర్లను ఆపి తీసేసే కంపోజ్ డౌన్ ఆదేశానికి వెనుక వీ అనే ఒక్క అక్షరం తగిలిస్తే వాల్యూములు కూడా పోతాయి. తాత్కాలిక ప్రయోగాలకు అది సౌకర్యం. రైతుల అరువు పద్దుల పక్కన ఆ ఆదేశం ఉండటం నాకు ఇష్టం లేదు.

నల్లరేగడి

లాగిన్ సమస్య విండోస్‌లోనే. లినక్స్‌లో డాకర్ సర్వీసుగా నడుస్తుంది, బూట్‌తోనే లేస్తుంది. వీ గురించి మీరన్నది ఒప్పుకుంటాను, అయితే డేటా ఫోల్డరును డిలీట్ చేయడం నేరుగా పెట్టినచోట కూడా ఒక్క ఆదేశమే. రెండింటికీ రక్షణ బ్యాకపే.

ఇంకో మాట, డాకర్‌కు వెళ్లేవారి కోసం: పోస్ట్‌గ్రెస్ 18 నుంచి అధికారిక ఇమేజ్‌లో (కంటైనర్‌కు మూసలో) డేటా ఫోల్డరు దారి మారింది. పాత పాఠంలోని దారిని అలాగే రాస్తే డేటా మీరనుకున్న చోట ఉండదు. ఇమేజ్ పేరు పక్కన లేటెస్ట్ అని కాకుండా వెర్షను సంఖ్య రాయండి.

పిచ్చుకగూడు

మీరిద్దరూ ఏ సర్వరో తేల్చుకుంటున్నారు. సర్వర్ ఎందుకో ఎవరూ అడగలేదు.

ఒక కొట్టు, ఇద్దరు వాడుకరులు, ఏడాదికి కొన్ని వేల పద్దులు. దీనికి ఎస్‌క్యూలైట్ నిండుగా సరిపోతుంది. 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన ఆ లైబ్రరీ ఇప్పుడు ప్రతి స్మార్ట్‌ఫోనులోనూ ఉంది. ఇన్‌స్టాల్ లేదు, సర్వీసు లేదు, పోర్టు లేదు, పాస్‌వర్డు లేదు. డేటాబేసు అంతా ఒక్క ఫైలు. రోజుకు లక్ష హిట్ల లోపు ఉన్న వెబ్‌సైట్లకు అది సరిపోతుందని దాన్ని తయారుచేసినవారే తమ పత్రాల్లో రాశారు. ఎరువుల కొట్టుకు అందులో వెయ్యోవంతు కూడా ఉండదు.

ఒక హెచ్చరిక ముందే చెబుతాను. ఆ ఫైలును వైఫై మీద షేర్ చేసిన ఫోల్డరులో పెట్టి రెండు కంప్యూటర్ల నుంచి తెరవకూడదు. నెట్‌వర్క్ ఫోల్డర్లలో ఫైలు తాళాలు నమ్మకంగా పనిచేయవు, డేటా పాడవుతుంది. దానికి బదులు డెస్క్‌టాప్‌లో పైథాన్‌తో ఒక చిన్న వెబ్ అప్లికేషన్ నడపండి. ఆ ప్రోగ్రాం ఒక్కటే ఫైలును తెరుస్తుంది. కింద ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ చాలు. ఎలాగూ తండ్రిగారికి ఎస్‌క్యూఎల్ తెర చూపించలేరు కదా, పోస్ట్‌గ్రెస్ పెట్టినా ఆ వెబ్ పేజీ రాయక తప్పదు. రాయక తప్పనప్పుడు వెనకాల ఇంకో సర్వర్‌ను కూడా మోయడం దేనికి?

పాతకాపు

ఇది గట్టి వాదన. అయితే ఎస్‌క్యూలైట్ మౌనంగా ఒప్పుకునేవి కొన్ని ఉన్నాయి, లెక్కల పుస్తకానికి అవి ప్రమాదం. పూర్ణాంకం అని ప్రకటించిన నిలువు వరుసలో "12 బస్తాలు" అని రాస్తే అక్షరాలుగా దాచుకుంటుంది, అభ్యంతరం చెప్పదు. ఫారిన్ కీ నియమాలు (ఒక పట్టికలో రాసిన సంఖ్య ఇంకో పట్టికలో ఉండి తీరాలన్నవి) రాసినా, ప్రతి కనెక్షనులోనూ ప్రాగ్మా అనే ఆదేశంతో ఆన్ చేస్తే తప్ప వాటిని పట్టించుకోదు. దశాంశాల రకం లేదు, కాబట్టి డబ్బును పైసల్లో పూర్ణాంకంగా దాచుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో న్యూమరిక్ అనే దశాంశాల రకం ఉంది, విలువలను తనిఖీ చేసే చెక్ నియమాలు ఉన్నాయి. లేని ఖాతా మీద పద్దు రాయబోతే అక్కడికక్కడే ఆపుతుంది. తండ్రీకొడుకులు ఇద్దరూ హడావుడిలో రాసే పుస్తకంలో అడ్డుచెప్పే మూడోమనిషి ఉండటం అవసరం.

పిచ్చుకగూడు

స్ట్రిక్ట్ పట్టికలు 2021లోనే వచ్చాయి, అవి రకం తప్పితే తిరస్కరిస్తాయి. ఫారిన్ కీ కోసం ప్రోగ్రాంలో ఒక్క వరుస రాస్తే చాలు. పైసల్లో దాచడం నేను ఏ డేటాబేసులోనైనా చేసే పనే. మీరు చెప్పినవన్నీ నిజం, కానీ అవి ఎస్‌క్యూలైట్‌ను వదిలేయడానికి కారణాలు కావు, జాగ్రత్తగా వాడటానికి కారణాలు.

ల్యాబ్ టీచర్

నేను డీబీఎంఎస్ ల్యాబ్ చెబుతాను. ప్రశ్న అడిగిన అబ్బాయి మూడో సంవత్సరం అన్నాడు కాబట్టి ఆ వైపు నుంచి మాట్లాడతాను.

మా పిల్లలు చాలామంది ఆన్‌లైన్ ఎడిటర్లలో క్వెరీలు రాసి పాసైపోతారు. వారికి సర్వర్ వేరు, క్లయింట్ వేరు అన్న సంగతే అనుభవంలోకి రాదు. ల్యాప్‌టాప్ నుంచి కలవబోతే ఏ తప్పు వచ్చినా "కనెక్ట్ కావడం లేదు మేడమ్" అని ఒకటే మాట. నిజానికి అక్కడ నాలుగు వేర్వేరు సందేశాలు ఉంటాయి. కనెక్షన్ నిరాకరించారని వెంటనే వస్తే ఆ చిరునామాలో, ఆ పోర్టులో ఎవరూ వినడం లేదు: సర్వర్ లేవలేదు, లేదా లిజన్ అడ్రసెస్ లోకల్‌హోస్ట్‌గానే ఉంది. చాలాసేపు కదలకుండా ఉండి టైమౌట్ అయితే మధ్యలో ఫైర్‌వాల్ మింగేస్తోంది. హెచ్‌బీఏలో ఎంట్రీ లేదని చెబితే మీరు సర్వర్ దాకా చేరారు, మీ చిరునామాకు వరుస రాయలేదు. పాస్‌వర్డు సరిపోలేదంటే వరుస కూడా కుదిరింది, చివరి మెట్టు మీద ఉన్నారు. ఈ నాలుగింటినీ విడదీసి చదవగలిగిన విద్యార్థి ఇక ఏ కంపెనీలోనూ బెదిరిపోడు. నేరుగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఈ నాలుగూ వరసగా ఎదురవుతాయి, అందుకే నేను ఆ పక్షం.

పాత పాఠాలతో జాగ్రత్త. 2022లో వచ్చిన 15వ వెర్షను నుంచి కొత్త వాడుకరికి పబ్లిక్ స్కీమాలో (పట్టికలు సహజంగా చేరే విభాగంలో) పట్టికలు చేసే హక్కు ఉండదు. అంతకుముందు రాసిన పాఠం పట్టుకుని అనుమతి లేదన్న సందేశం చూసి పిల్లలు సూపర్‌యూజర్‌లోకి వెళ్లిపోతుంటారు. అది పద్ధతి కాదు. డేటాబేసుకు ఆ వాడుకరినే యజమానిగా పెట్టి చేసుకోండి, సరిపోతుంది.

ఎక్స్‌ఏఎమ్‌పీపీ (వెబ్ సర్వర్, డేటాబేసు కలిపి ఇచ్చే ప్యాకేజీ) ఇన్‌స్టాల్ చేసి అదే కొట్టుకు వాడాలన్న ఆలోచన వస్తే మానుకోండి. అందులోని డేటాబేసుకు రూట్ పాస్‌వర్డు ఖాళీగా ఉంటుంది. అది నేర్చుకోవడానికి ఇచ్చిన పెట్టె. మా ల్యాబుల్లో పాత ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ కనిపిస్తుంది, దాని వెబ్ తెర 8080 పోర్టును పట్టుకుని కూర్చుంటుంది, టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్‌కూ అదే పోర్టు కావాలి. జావా ల్యాబు, డీబీఎంఎస్ ల్యాబు ఒకే గదిలో ఉన్నచోట ఈ తగువు ప్రతి సంవత్సరం తీర్చాల్సిందే.

ఒక్క విన్నపం. నేర్చుకునే డేటాబేసూ, కొట్టు డేటాబేసూ ఒకటి కాకూడదు. అది ఒకే సర్వర్‌లో రెండు పేర్లతో ఉన్నా ఫర్వాలేదు, వాడుకరులు మాత్రం వేరుగా ఉండాలి.

ఎరువుల కొట్టు

అందరికీ ధన్యవాదాలు. మేడమ్, ఆ నాలుగు సందేశాల సంగతి ఎవరూ ఇలా చెప్పలేదు.

మూడు సందేహాలు. మా ఊళ్లో కరెంటు తరచూ పోతుంది, యూపీఎస్ బ్యాటరీ బలహీనంగా ఉంది. రాస్తుండగా పోతే? రెండోది, నాన్న మండీలో ఉన్నప్పుడు ఫోనులో ఖాతా చూడాలంటున్నారు, రూటర్‌లో పోర్టు తెరవమని ఒక వీడియోలో చెప్పారు. మూడోది తెలుగు పేర్లు.

రాత్రికాపలా

రూటర్‌లో 5432 తెరవకండి. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

2003 జనవరి 25న స్లామర్ అనే వార్మ్ (తనంతట తానే పాకే హానికర ప్రోగ్రాం) వచ్చింది. మొత్తం 376 బైట్లు, ఒక్క యూడీపీ ప్యాకెట్‌లో పట్టేంత. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లోని లోపం మీద, 1434 పోర్టు గుండా పాకింది. పది నిమిషాల్లో ఆ లోపం ఉన్న యంత్రాల్లో తొంభై శాతం దొరికిపోయాయి, మొత్తం 75,000 దాకా. దాన్ని ఆపే ప్యాచ్ అంతకు ఆరు నెలల ముందే వచ్చి ఉంది. బాధితుల్లో ఎంఎస్‌డీఈ వాడినవారూ ఉన్నారు. అది వేరే సాఫ్ట్‌వేర్లతో పాటు డెస్క్‌టాప్‌లలోకి చేరిన చిన్న డేటాబేసు. తమ కంప్యూటర్లో డేటాబేసు సర్వర్ ఒకటి నడుస్తోందని కూడా వారిలో చాలామందికి తెలియదు. ఇంటి కంప్యూటర్ మీద ఎవరికి కన్ను అనే మాట అప్పుడే చెల్లిపోయింది. 2016 చివర, 2017 మొదట్లో పాస్‌వర్డు లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన మాంగోడీబీ డేటాబేసులను వేలల్లో తుడిచేసి, డబ్బు పంపితే డేటా ఇస్తామని చీటీ వదిలి వెళ్లారు. అవి ఎవరో పేరు చూసి చేసిన దాడులు కావు. యంత్రాలు చిరునామాలన్నీ వరసగా తడుముకుంటూ పోతాయి, తెరిచి ఉన్న తలుపు దొరికితే దూరతాయి.

మన దగ్గర చాలా ఇంటి కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీవీ4 చిరునామా ఉండదు, అనేక ఇళ్లకు కలిపి ఒకటి ఇస్తారు. కాబట్టి వీడియోలో చెప్పింది చేసినా అది పనిచేయకపోవచ్చు. అదే రక్షణ అనుకోకండి. ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ చిరునామాలు) ఉంటే మీ డెస్క్‌టాప్‌కు నేరుగా బయటి చిరునామా ఉంటుంది, మధ్యలో ఫైర్‌వాల్ తప్ప మరేమీ ఉండదు.

నాన్నగారికి ఫోనులో కావాలంటే వైర్‌గార్డ్ గానీ, దాని మీద కట్టిన టెయిల్‌స్కేల్ గానీ పెట్టండి. ఫోను, డెస్క్‌టాప్ ఒకే సొంత నెట్‌వర్కులో ఉన్నట్టవుతాయి. అక్కడ కూడా డేటాబేసు పోర్టు కాదు, ఖాతా చూపే వెబ్ పేజీ మాత్రమే తెరవండి. దాని వెనక వాడుకరికి చదివే హక్కు ఒక్కటి చాలు.

పాతకాపు

కరెంటు సంగతి. పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందు వాల్ అనే చిట్టాలో రాసి, అది డిస్కుకు చేరాకే "అయింది" అని చెబుతుంది. కరెంటు పోయి వచ్చాక ఆ చిట్టా చదువుకుని తానే కోలుకుంటుంది. కమిట్ అయిన (రాయడం ఖాయమైన) పద్దు ఉంటుంది, సగంలో ఆగింది ఉండదు. లాగ్ ఫైలులో సర్వర్ సరిగా ఆగలేదని, కోలుకుంటోందని వరుసలు కనిపిస్తే కంగారు పడకండి. వేగం కోసం ఎఫ్‌సింక్ (రాసింది డిస్కుకు చేరిందని నిర్ధారించుకునే అమరిక) ఆఫ్ చేయమని చెప్పే సలహాలు నెట్‌లో దొరుకుతాయి. మీ ఊళ్లో ఆ పని ఎప్పటికీ చేయకండి, ఈ భరోసా అంతా దాని మీదే నిలబడి ఉంది. యూపీఎస్ బ్యాటరీ మార్పించండి. చౌక ఎస్‌ఎస్‌డీలు రాయకుండానే రాశామని చెప్పే సందర్భాలు ఉంటాయి.

అలాగే, షేర్డ్ బఫర్స్‌ను (పోస్ట్‌గ్రెస్ తన డేటా కోసం ఉంచుకునే చోటును) మెమరీలో పావు వంతుకు పెంచమన్న సలహా వింటారు. అది డేటాబేసుకే కేటాయించిన యంత్రాల కోసం చెప్పినది. మీ డేటా మొత్తం కొన్ని పదుల ఎంబీ ఉంటుంది, సహజంగా ఉన్న 128 ఎంబీలోనే సర్దుకుంటుంది. ముట్టుకోకండి.

తంగేడు

తెలుగు పేర్ల గురించి నేను చెబుతాను, నేను తెలుగు డేటాతోనే పనిచేస్తాను.

ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) యూటీఎఫ్8 అయితే దాచుకోవడానికి ఏ డేటాబేసైనా ఒకటే. తెలుగులో ఒక్కో కోడ్ పాయింటుకు (యూనికోడ్‌లో సొంత సంఖ్య ఉన్న గుర్తుకు) మూడు బైట్లు. పోస్ట్‌గ్రెస్‌ను "శ్రీ" పొడవు ఎంత అని అడిగితే 4 అంటుంది: శ, పొల్లు, ర, దీర్ఘం. బైట్లు అడిగితే 12. కాబట్టి పేరుకు ఇరవై అక్షరాలు చాలని హద్దు పెడితే తెలుగులో ఇబ్బంది పడతారు, టెక్స్ట్ రకం వాడండి. పాత మైఎస్‌క్యూఎల్ పట్టికల్లో తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోయి ఉండటం చూసే ఉంటారు. తెలుగు అక్షరాలు లేని లాటిన్1 ఎన్‌కోడింగ్ నిలువు వరుసలో రాయడం వల్ల జరిగింది అది. అక్కడి అక్షరాలు ఇక తిరిగి రావు. విండోస్‌లో పీఎస్‌క్యూఎల్ (ఆదేశాలు టైపు చేసే పోస్ట్‌గ్రెస్ ప్రోగ్రాం) తెర మీద కోడ్ పేజీ హెచ్చరిక వచ్చి, తెలుగు గజిబిజిగా కనిపిస్తే మాత్రం డేటా పోయిందని అనుకోకండి. తప్పు ఆ నల్ల తెరది. పీజీఅడ్మిన్ అనే ఇంకో పోస్ట్‌గ్రెస్ ప్రోగ్రాంలో చూడండి.

వరుస క్రమం గురించి ఎక్కువ ఆలోచించకండి. యూనికోడ్ క్రమమే మన నిఘంటువు క్రమానికి దగ్గరగా ఉంటుంది. ళ మాత్రం హ తర్వాత కాకుండా ల పక్కనే వస్తుంది, ఖాతాల జాబితాకు అది అడ్డం కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. "రమేష్" అని రాయండి. కొన్ని కీబోర్డులు చివరి పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తును చేరుస్తాయి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. తెర మీద రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఒకదాని పొడవు 5, రెండోదాని పొడవు 6. డేటాబేసుకు వీరు ఇద్దరు వేర్వేరు మనుషులు. ఒకే విలువ రెండుసార్లు రాకూడదనే యునీక్ నియమం పెట్టినా ఇద్దరినీ లోపలికి రానిస్తుంది. కింద ల్యాప్‌టాప్‌లో తండ్రిగారు ఒక కీబోర్డుతో, పైన మీరు ఇంకో కీబోర్డుతో రాస్తే ఒకే రైతు అరువు రెండు ఖాతాల్లో పడుతుంది. చెల్లింపు ఒక దాంట్లో, బాకీ ఒక దాంట్లో. ఆ రైతుతో కొట్టులో ఏం మాట వస్తుందో ఊహించుకోండి.

పేరు నిలువు వరుసను ఉన్నది ఉన్నట్టు ఉంచి, దాని పక్కన వెతకడానికి ఇంకొకటి పెట్టండి. జనరేటెడ్ కాలమ్‌గా పెడితే పేరులోంచి ఆ గుర్తును, ముందూ వెనకా ఖాళీలను తీసేసిన రూపం అదే తయారవుతుంది. వెతికేది దాని మీద. ఖాతా గుర్తింపుకు మాత్రం పేరును నమ్మకండి, ఖాతా సంఖ్య ఇవ్వండి. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరున్న రైతులు మామూలే. తండ్రి పేరు, ఊరు కూడా రాసుకోండి. సరుకులకూ ఇలాంటి జాగ్రత్తే: యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు. బస్తాల సంఖ్య మాత్రమే దాచి, బరువును సరుకు పట్టికలో పెట్టండి.

ముంగిలి

క్లౌడ్‌లో అద్దె మాట జవాబుల్లో ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఎత్తుతున్నాను. కంప్యూటర్ దొంగలు పట్టుకుపోవచ్చు, డిస్కు పాడవచ్చు. అద్దెకు తీసుకుంటే బ్యాకప్, ప్యాచ్ అన్నీ వాళ్లే చూసుకుంటారు.

రాత్రికాపలా

ఇంటర్నెట్ పోయిన పూట కొట్టు ఆగిపోతుంది. సీజన్‌లో అది కుదరదు. క్లౌడ్‌ను బ్యాకప్ దాచడానికి వాడమంటే నేనూ ఒప్పుకుంటాను, అది కూడా ఎన్‌క్రిప్ట్ చేశాకే. అందులో రైతుల ఫోను నంబర్లు ఉంటాయి.

ఇంకొకటి ఎవరూ అనలేదు. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ యంత్రం 11కు పనికొస్తుందో లేదో చూడండి. లేకపోతే డెబియన్ 13 అనే లినక్స్ వేయండి.

ఎరువుల కొట్టు

11కు పనికిరాదని చెబుతోంది. ఆ డెస్క్‌టాప్ నేను తప్ప ఎవరూ వాడరు కాబట్టి డెబియన్‌కు మారడానికి అడ్డేమీ లేదు. అప్పుడు నేరుగానా, డాకరా?

పాతకాపు

డెబియన్‌లో అయితే నా మాట ఇంకా గట్టిది. ఆప్ట్‌తో (డెబియన్‌లో ప్రోగ్రాంలు ఇన్‌స్టాల్ చేసే సాధనంతో) ఒక్క ఆదేశం ఇస్తే పోస్ట్‌గ్రెస్ 17 వస్తుంది, క్లస్టరు (సర్వర్ నడిపే డేటాబేసుల సముదాయం) తయారవుతుంది, సర్వీసు లేస్తుంది. ఆకృతీకరణ ఫైళ్లు ఈటీసీ కింద పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, 17, మెయిన్ ఫోల్డరులో. డేటా వార్ లిబ్ కింద అదే పేర్లతో. భద్రతా ప్యాచ్‌లు మిగతా సిస్టంతో పాటే వస్తాయి. మొదటిసారి పోస్ట్‌గ్రెస్ అనే వాడుకరిగా వెళితే పాస్‌వర్డు అడగకుండానే లోపలికి రానిస్తుంది, మీ పేరుతో వెళితే మాత్రం రానివ్వదు. అది పీర్ పద్ధతి: అదే యంత్రంలోంచి వచ్చినప్పుడు లినక్స్ వాడుకరి పేరు, డేటాబేసు వాడుకరి పేరు ఒకటే కావాలి. సుడో ఆదేశంతో పోస్ట్‌గ్రెస్ వాడుకరిగా మారి పీఎస్‌క్యూఎల్ తెరవండి. ఇక్కడ లిజన్ అడ్రసెస్ లోకల్‌హోస్ట్‌గానే ఉంటుంది. పిచ్చుకగూడు గారు చెప్పినట్టు వెబ్ అప్లికేషన్ అదే యంత్రంలో నడిపితే దాన్ని మార్చే పనే లేదు, డేటాబేసు పోర్టు వైఫై మీదికి కూడా రాదు.

రోజూ రాత్రి పీజీ డంప్ అనే సాధనంతో కస్టమ్ ఫార్మాట్‌లో బ్యాకప్ తీసేలా క్రాన్‌లో (చెప్పిన వేళకు పనులు నడిపే సాధనంలో) పెట్టండి. సర్వర్ నడుస్తుండగా డేటా ఫోల్డరును కాపీ చేస్తే అది బ్యాకప్ కాదు, ఫైళ్లు ఒకదానితో ఒకటి పొసగవు. డంప్‌ను ఇంకో డిస్కుకు, ఇంకో చోటుకు పంపండి.

పిచ్చుకగూడు

వెబ్ అప్లికేషన్ దాకా ఒప్పుకున్నారు, సంతోషం. ఎస్‌క్యూలైట్ చాలునన్న మాట మీద నేను ఇంకా ఉన్నాను. అయితే ఈ అబ్బాయి నేర్చుకోవాలని కూడా అనుకుంటున్నాడు కాబట్టి పోస్ట్‌గ్రెస్ వద్దని పట్టుబట్టను.

నల్లరేగడి

నేరుగా పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. డాకర్‌ను మాత్రం పూర్తిగా వదిలేయకండి. మీ సొంత ల్యాప్‌టాప్ ఉంటే అందులో అదే 17వ వెర్షను కంటైనర్‌ను లేపి, గత రాత్రి డంప్‌ను పీజీ రిస్టోర్‌తో అందులోకి ఎక్కించండి. ఒక రైతు ఖాతా మొత్తం బాకీ రెండు చోట్లా ఒకటే వస్తోందా చూసి, కంటైనర్‌ను పారేయండి. పాతకాపు గారు భయపడిన ఆ వీ అక్షరం అక్కడ మీకు పనికొస్తుంది.

పాతకాపు

దీనికి నా పూర్తి మద్దతు. వారానికి ఒకసారి చేయండి. డంప్‌లో వాడుకరులు, వారి పాస్‌వర్డులు రావని ముందే తెలుసుకోండి, వాటికి పీజీ డంపాల్‌లో గ్లోబల్స్ ఓన్లీ అనే ఐచ్ఛికం ఉంది. దాన్ని కూడా అదే క్రాన్ పనిలో చేర్చండి.

ఎరువుల కొట్టు

డెబియన్, నేరుగా పోస్ట్‌గ్రెస్ 17, అదే యంత్రంలో వెబ్ పేజీ, నా ల్యాప్‌టాప్‌లో కంటైనర్‌తో రిస్టోర్ పరీక్ష. ఎక్సెల్ నుంచి పేర్లను ఎక్కించే ముందు తంగేడు గారు చెప్పిన ఆ కనిపించని గుర్తు కోసం వెతికాను. ఒకే రైతు రెండు ఖాతాలుగా ఉన్నవి నిజంగానే దొరికాయి. వాటిని నాన్నతో కూర్చుని కలపాలి, ఏ పద్దు ఎవరిదో ఆయనకే తెలుసు. కలిపాక పాత ఖాతా సంఖ్యను తీసేయాలా, కొత్తదానికి సూచిస్తూ ఉంచాలా?

తంగేడు

ఉంచండి. రైతు చేతిలో ఉన్న పాత బిల్లు మీద ఆ సంఖ్యే ఉంటుంది. ఖాతాల పట్టికలో "దీనిలో కలిసింది" అని ఒక నిలువు వరుస పెట్టి, అదే పట్టికకు ఫారిన్ కీ ఇవ్వండి. పాత సంఖ్య కొడితే వెబ్ పేజీ కొత్త ఖాతాను తెరవాలి. పద్దులను మార్చేటప్పుడు అన్నింటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అన్నట్టు) మార్చండి, కమిట్ చేసే ముందు రెండు పాత ఖాతాల బాకీల మొత్తం, కొత్త ఖాతా బాకీ సరిపోయాయో చూసుకోండి.